అఫియా కొట్టేయని పేరు

కుమాసీలో బాంతామా వైపు, బస్సులు మలుపు తిరిగే చోట, రేకుల వసారాలో కూర్చుని అఫియా సార్పొమా ఇతరుల పుస్తకాలు దిద్దుతుంది. ఊళ్ళో ఇంగ్లీషులో కథో చరిత్రో రాసినవాళ్ళంతా అచ్చుకు పోయే ముందు ఆవిడ దగ్గరకు రావాల్సిందే. వచ్చేటప్పుడు వాళ్ళ పుస్తకాల్లోని మనుషులు ఉరుముతూ, గర్జిస్తూ, బుసలు కొడుతూ వస్తారు. వెళ్ళేటప్పుడు బుద్ధిగా "అన్నాడు", "అంది" అనుకుంటూ వెళ్తారు. మధ్యలో ఏం జరిగిందో ఆవిడ చేతిలోని ఎర్ర పెన్సిలుకే తెలుసు.

ఈ పని ఆవిడకు అబ్బింది ఆసాఫోలోని ఒక పాత ప్రెస్సులో. చదువు ఆగిపోయిన కొత్తలో ప్రూఫులు చదవడానికి చేరింది. అక్కడ పెద్ద ప్రూఫ్‌రీడరు ఒక ముసలావిడ, ముక్కుసూటి మనిషి, పొగడ్త అనేది ఎరగదు. మొదటి రోజే అఫియాను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పిందట: మనిషి మాటకు ముందొకటి వెనకొకటి పెట్టే కొటేషన్ గుర్తులు పెరటి కంచె లాంటివి, కామా ఎప్పుడూ కంచె లోపలే ఉండాలి. ఒకరి మాట అయిపోయి ఇంకొకరు నోరు విప్పితే కొత్త పేరా ఎత్తుకోవాలి, లేకపోతే ఎవరి మాట ఎవరిదో తెలియక చదివేవాడు తల పట్టుకుంటాడు. ఇక "అన్నాడు" అనే మాటంటారా, అది గడప. అందరూ దాటిపోతారు, ఎవరూ దాన్ని చూడరు. గడపకు రంగులు వేసి పూలు కడితే జనం దాన్ని చూస్తూ తట్టుకుని పడతారు.

అఫియా ఆ పాఠాన్ని మతం పుచ్చుకున్నట్టు పుచ్చుకుంది. "'నాకు తెలుసు,' అని నవ్వాడు" అని రాస్తే ఊరుకుంటుంది. "'నాకు తెలుసు,' నవ్వాడు" అని రాస్తే మాత్రం రాసినవాణ్ణి పిలిపించి, ఏదీ, ఆ మాటను ఒకసారి నవ్వి చూపించమంటుంది. పాపం, పెద్ద పెద్ద ఉద్యోగాలు చేసి దిగినవాళ్ళు కూడా ఆవిడ వసారాలో నిలబడి నవ్వడానికి ప్రయత్నించి ఓడిపోయారు.

మాట్లాడటంలోనూ అంతే. గొంతెత్తదు, కోపం వచ్చినా పొడిపొడిగా రెండు ముక్కలు అంటుంది. ఈవిడతో పోట్లాడినా పోట్లాడినట్టుండదని విసుక్కుని, లారీ తోలే మొగుడు సున్యానీ వెళ్ళి అక్కడే ఇంకో ఇల్లు పెట్టుకున్నాడు. వీధిలో వాళ్ళు ఇప్పటికీ ఆ కథ చెప్పుకుని నవ్వుతారు. ఆవిడ వింటుంది, పెన్సిలు చెక్కుకుంటుంది.

అఫియాను పెంచి చదివించింది మేనమామ, క్వాకు బెదియాకో. ఆయన అదువాసో అనే ఊళ్ళో నానాకు, అంటే ఆ ఊరి రాజుకు, చాలాకాలం ఒచ్యామెగా ఉన్నాడు. నానా సభలో అందరికీ వినపడేలా నోరు విప్పి మాట్లాడడు. ఒచ్యామె చెవిలో ఒక ముక్క వేస్తాడు. ఒచ్యామె బంగారు రేకు తొడిగిన కర్ర పట్టుకుని, దాన్ని సభకు తగ్గట్టు మలిచి, గొంతెత్తి చెబుతాడు. సభ చెప్పేది కూడా అతని నోటి మీదుగానే నానాకు చేరాలి. వచ్చిన మాట మంచిదైతే నానా ఎంత మంచివాడో అంటారు. చెడ్డదైతే ఒచ్యామె నోరు జారాడంటారు. ఉద్యోగమే అలాంటిది, తెలిసే ఒప్పుకుంటారు.

బెదియాకో మోసిన మాటల్లో ఒకటి మాత్రం ఆయనకు అంటుకుపోయింది. అదువాసోలో యా టివా అని ఒకావిడ కోకో తోట గట్టు దగ్గర పక్కవాళ్ళతో తగువుపడి, ఒళ్ళు మండి, వేయకూడని ఒట్టు వేసింది. నానా పూర్వీకులకు జరిగిన కీడును తలుచుకునే ఒట్టు అది. ఆ ఊళ్ళో ఎవరి నోటా రాకూడదు. విషయం సభకు వచ్చింది. నానా ఒచ్యామె చెవి దగ్గరకు వంగాడు. బెదియాకో లేచి నిలబడి, "టివా, నీ పొయ్యి రాళ్ళు ఎత్తుకో. ఈ ఊళ్ళో నీకింక నిప్పు లేదు" అన్నాడు.

టివా ముసలి తల్లిని వెంటబెట్టుకుని కుమాసీ వచ్చేసింది. కెజెటియా సంతలో పొగబెట్టిన చేపలు అమ్మి నిలదొక్కుకుంది. ఆ తర్వాత కొన్నేళ్ళకు నానా తన ఊరికి వెళ్ళిపోయాడు, రాజులు చనిపోయారని మేము అనం కదా. కానీ అదువాసోలో ఆడవాళ్ళు ఆ సంగతి ఎప్పుడు ఎత్తినా బెదియాకో పేరే చెబుతారు. నానా పేరు ఎవరి నోటా రాదు. చిన్నప్పుడు కుళాయి దగ్గర బిందె పెడితే, "రాళ్ళు ఎత్తించినవాడి మేనకోడలొచ్చింది, జరగండే" అని అఫియాను చూసి పక్కకు జరిగేవాళ్ళు. ఆ బాధ ఆవిడ ఎవరికీ చెప్పుకోలేదు, కానీ మరిచిపోనూ లేదు. కుమాసీ వచ్చాక చేపలు టివా కొట్లోనే కొనేది. టివా చేపలు కట్టి ఇచ్చేది, చిల్లర ఇచ్చేది, మొహం మాత్రం ఎత్తేది కాదు.

మోకాళ్ళు పనిచేయడం మానేశాక బెదియాకో బాంతామాకు మేనకోడలి ఇంటికే వచ్చేశాడు. పగలంతా వసారాలో ఈ చివర ఆయన, ఆ చివర ఆవిడ. ఆయన రోడ్డు మీద పోయేవాళ్ళను చూస్తాడు, ఆవిడ కాగితాలు చూస్తుంది.

అలా ఉండగా ఫ్రెంపొంగ్ మాస్టారి పుస్తకం వచ్చింది. ఆయన అదువాసో బడిలో హెడ్మాస్టరుగా చేసి దిగాడు. కొత్త నానా పట్టాభిషేక వార్షికోత్సవానికని ఊరి చరిత్ర రాశాడు. మనిషి ఎంత మెత్తనో రాత అంత ఉరుములూ మెరుపులూ. అఫియా ఎప్పటిలాగే కొట్టేసుకుంటూ వచ్చింది. గర్జించాడు, అన్నాడు. కేక పెట్టింది, అంది. అలా వస్తూ వస్తూ ఒక పేజీ దగ్గర చెయ్యి ఆగిపోయింది. కొటేషన్ గుర్తుల మధ్య, కామా లోపలే పెట్టి, ఒక్క తప్పు లేకుండా, టివాతో అన్న ఆ మాట ఉంది. దాని పక్కన "అని ఒచ్యామె బెదియాకో ఉరిమాడు" అని ఉంది.

ఉరిమాడు కొట్టేయడానికి ఆలోచించలేదు. "అన్నాడు" అని రాసింది. ఆ తర్వాత మేనమామ పేరు మీద పెన్సిలు ఆనించి చాలాసేపు కూర్చుంది. ఇన్నాళ్ళూ నోటిమాటగా తిరిగింది ఇప్పుడు అచ్చవుతుంది. బడి పిల్లలు చదువుతారు. ఈ పేరు తీసేసి ఇక్కడ నానా అని ఒక్క మాట పెడితే చాలు, మామ మీద పడిన మచ్చ పోతుంది. అలాంటి అవకాశం మళ్ళీ రాదని ఆవిడకు తెలుసు.

దొంగచాటుగా చేసే మనిషి కాదు గనుక మాస్టారిని పిలిపించింది. ఆయన వచ్చీరాగానే కాగితాలు తిరగేసి దిగాలు పడిపోయాడు.

"అమ్మా అఫియా, నా పుస్తకంలో ఒక్క పిడుగైనా మిగల్చవా?"

పిడుగుల సంగతి తర్వాత అని ఆవిడ ఆ పేజీ తీసి చూపించింది. "ఇది మా మామ మాట కాదు మాస్టారూ. నానాది. నానా పేరు పెడతాను."

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "పెట్టు తల్లీ, పెట్టి ప్రెస్సుకు పంపు. ఆ తర్వాత నన్ను ఊళ్ళోకి ఎవరు రానిస్తారో చూద్దాం. సభలో నానా నోరు విప్పాడని అచ్చు వేస్తారా ఎవరైనా? ఆ మాట కోటలో వింటే పుస్తకాలన్నీ పొయ్యిలోకే."

పోనీ, నానా చెప్పగా ఒచ్యామె అన్నాడని రాస్తానంది ఆవిడ. మాస్టారు తల అడ్డంగా ఊపాడు. నానా చెవిలో ఏం చెప్పాడో నువ్వు విన్నావా అని అడిగాడు. నేనూ వినలేదు, సభలో నిలబడి బెదియాకో నోటి నుంచి విన్నదే రాశాను, చెవితో విననిది కొటేషన్‌లో పెట్టకూడదని మొదటి పుస్తకం అప్పుడు నాకు చెప్పింది నువ్వే కదమ్మా అన్నాడు. చివరికి ఆయనే మెత్తబడి, బెదియాకోనే అడుగు, ఆయన ఎలా చెబితే అలాగే పెట్టు, కోటలో తిట్లు నేను తింటాను అని చెప్పి లేచాడు. మంచి మనిషి, ఉరుములు లేకపోతే ఇంకా మంచి మనిషి.

మధ్యాహ్నం బెదియాకో కాల్చిన అరటికాయ, వేరుశనగలు ముందు పెట్టుకుని మిగిలిన రెండు మూడు పళ్ళతో కుస్తీ పడుతున్నాడు. అఫియా స్టూలు దగ్గరకు లాక్కుంది.

"మామా, ఫ్రెంపొంగ్ మాస్టారి పుస్తకంలో నువ్వున్నావు."

"బాగున్నానా?"

ఆవిడ ఆ వాక్యాన్ని మా భాషలోకి మార్చి చదివింది. ఆయన నమలడం ఆపాడు.

"ఎలా అన్నానని రాశాడు?"

"ఉరిమావని."

"ఉరిమానా? ఆ రోజు నా గొంతు పూడుకుపోయింది. వెనక కూర్చున్నవాళ్ళు ఏమన్నాడు, ఏమన్నాడు అని పక్కవాళ్ళని అడిగారు."

"అందుకే కొట్టేశాను. అన్నాడు అని పెట్టాను."

"మంచి పని చేశావు" అని ఆయన మళ్ళీ ఒక గింజ నోట్లో వేసుకున్నాడు.

అఫియా అసలు సంగతి చెప్పింది. పేరు కూడా తీసేస్తానంది. నానా ఆ రోజు చెవిలో ఏమన్నాడో ఒక్కసారి చెప్పమంది, చెబితే ఎవరు కాదన్నా అది రాసి తీరతానంది. బెదియాకో రోడ్డు వైపు చూశాడు.

"ఈ చెవిలో పడ్డవి నాతోనే పోతాయే. అందుకే గదా ఆ కర్ర నా చేతికిచ్చింది."

అప్పుడు అఫియాకు నిజంగా కోపం వచ్చింది. గొంతు పెంచలేదు కానీ మాటలు ఆగలేదు. "నానా వెళ్ళిపోయాడు మామా. ఆయనకిప్పుడు ఎవరేమన్నా ఒకటే. నువ్వు పోయాక ఈ పుస్తకం ఉంటుంది. మన పిల్లల పిల్లలు చదివి, మా పెద్దాయన ఇంత పాపిష్టివాడా అనుకుంటారు. చిన్నప్పట్నుంచీ పడ్డాను నేను. ఇంక నావల్ల కాదు." అంటూనే కళ్ళు తుడుచుకుంది. ఆవిడ ఏడవగా ఆయన చూసి ఎన్నేళ్ళయిందో.

బెదియాకో చేతులు పంచెకు తుడుచుకుని మేనకోడలి మోచెయ్యి పట్టుకున్నాడు.

"సరే, నా పేరు తీసి ఆయన పేరు పెట్టావనుకో. టివా ఎక్కడికి పోతుంది?"

"ఎక్కడికి పోవడమేంటి?"

"ఆవిడకి అడగాల్సింది ఉంటుంది గదమ్మా. పోయినాయన్ని ఎక్కడికెళ్ళి అడుగుతుంది? రాజుల సమాధుల దగ్గరికి ఆవిణ్ణి రానిస్తారా? నేను బతికున్నాను. నా పేరుంటే నా దగ్గరికి రావచ్చు. ఎదురుగా కూర్చుని, కడుపులో ఉన్నదంతా కక్కేసి పోవచ్చు. అది కూడా లేకుండా చేస్తావా ఆవిడకి?"

అఫియా ఇన్నాళ్ళూ ఆ వాక్యంలో మేనమామ ఒక్కణ్ణే చూసింది. ఆ మాట పడ్డ మనిషి కూడా అందులోనే ఉందని ఆవిడకు తట్టలేదు. ఆయన అంతటితో ఆపలేదు. వెళ్ళి టివాతో చెప్పమన్నాడు, నేను ఇక్కడున్నానని, రమ్మన్నానని.

ఆ సాయంత్రమే పేజీ ప్రెస్సుకు వెళ్ళింది. "అని ఒచ్యామె బెదియాకో అన్నాడు." పేరు కొట్టేయలేదు. మనసు ఒప్పుకుందా అంటే ఒప్పుకోలేదు, మామ మాట కాదనలేక పంపింది. కొడుకు పెళ్ళికి ఇష్టం లేని సంబంధం ఒప్పుకున్న తల్లిలా రెండు రోజులు ముభావంగా తిరిగింది.

కెజెటియాకు వెళ్ళడం ఇంకా కష్టమైంది. టివా చేపలను బుట్టలో వరసలు పేరుస్తోంది. అఫియా పక్కన నిలబడి, పుస్తకం సంగతి, అందులో ఉన్న మాట, పక్కనున్న పేరు, మామ పంపిన కబురు, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది. ఒక బుట్ట అయింది, ఇంకో బుట్ట అందుకుంది. వినపడలేదేమో అని అఫియా మళ్ళీ మొదలుపెట్టబోయింది.

"పళ్ళున్నాయా ఇంకా ఆయనకి?" అంది టివా తలెత్తకుండానే.

"లేవు. రెండో మూడో."

"మంచి పనైంది."

అంతే. వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. ఇంటికొచ్చి ఈ మాట చెబితే బెదియాకో నవ్వాడు. పొలమారి దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

ఆదివారం చర్చి వదిలాక టివా వచ్చింది. ముదురు రంగు బట్ట కట్టుకుని, తలగుడ్డ గట్టిగా బిగించి, చేతిలో ఏమీ లేకుండా వచ్చింది. అఫియా మర్యాద తప్పలేదు. కుర్చీ వేసింది, నీళ్ళిచ్చింది. టివా రెండు గుక్కలు తాగి గ్లాసు కింద పెట్టింది. అప్పుడు వచ్చిన పనేమిటని అడగాలి. అడిగేది ఇంటిపెద్ద, కానీ తగువున్న పెద్దవాళ్ళు మొహం మొహం పెట్టుకుని మాట్లాడుకోరు. మధ్యలో ఒక నోరు ఉండాలి. ఇంట్లో ఇంకెవరున్నారు? అఫియా స్టూలు తెచ్చుకుని ఇద్దరి నడుమ కూర్చుని, మామ తరఫున ఆ మాట అడిగింది.

"అఫియా, మీ మామతో చెప్పు" అని టివా మొదలుపెట్టింది. "ఒట్టు వేసింది నేను. తప్పు నాది, కాదనను. మా అమ్మ ఏం చేసిందో అడుగు. కుమాసీలో నేను రాజేసిన పొయ్యి మీద వండితే తినేది కాదని చెప్పు. ఇది మన నిప్పు కాదే, మన నిప్పు దగ్గరికి ఎప్పుడు పోదాం అని అడిగేది. పోయేరోజు పొద్దున కూడా అదే అడిగింది. నేను ఆవిడకి అబద్ధం చెప్పాను, రేపు పోదామని. ఆ అబద్ధం నా చేత ఎందుకు చెప్పించాడో మీ మామని అడుగు."

అఫియా మేనమామ వైపు తిరిగింది. అన్నీ విన్నాడు ఆయన, చెవులు బాగానే ఉన్నాయి. అయినా మధ్యనున్న నోరు చెప్పేదాకా విన్నట్టు కాదు. ఒచ్యామెలైతే ఇలాంటి మాటను కాస్త నునుపు చేసి, ముళ్ళు గిల్లేసి అందిస్తారు. ఆ పనిలో అదొక మర్యాద. ఎదురుగా కూర్చున్నది తనను పెంచినవాడు, ముసలివాడు. ఆ అబద్ధం మాట ఒక్కటి వదిలేస్తే ఎవరు కాదంటారు అనిపించింది అఫియాకు. వదల్లేదు. టివా అన్నది అన్నట్టుగా, ఒక్క మాట కలపకుండా, ఒక్క మాట తీయకుండా చెప్పింది.

బెదియాకో వేలితో దగ్గరకు రమ్మన్నాడు. అఫియా వంగి చెవి ఇచ్చింది. ఇప్పటికైనా ఆ రోజు నానా అన్నది బయటపెడతాడేమో, పెడితే బాగుండు అని లోపల ఒక ఆశ కొట్టుకుంటోంది. ఆయన రెండే ముక్కలు చెప్పాడు. నానా పేరు వాటిలో లేదు. ఆవిడ నిటారుగా కూర్చుని టివా వైపు తిరిగింది.

"మామ అంటున్నాడు, మీ అమ్మ ఏ తప్పూ చేయలేదు. ఆ మాట నా నోటి నుంచి వచ్చింది, దానికి జవాబు నేనే, ఇంకెవరూ కాదు."

టివా ఆయన్నే చూస్తోంది. బెదియాకో కుర్చీ చేతులు పట్టుకుని, మోకాళ్ళు వద్దంటున్నా మెల్లగా లేచాడు. భుజం మీది బట్ట ఛాతీ కిందికి దించుకున్నాడు. ఒక పాదం, తర్వాత రెండో పాదం చెప్పుల్లోంచి బయటికి తీసి, సిమెంటు నేల మీద వట్టి కాళ్ళతో నిలబడ్డాడు. అది రాజు ముందు చేసే పని. నానా ముందు తప్ప ఆయన ఇంకెవరి ముందూ చేసి ఎరగడు. చేపలమ్మే మనిషి ముందు అలా నిలబడి, ఎముకలు తేలిన భుజాలతో, తల వంచుకుని ఉండిపోయాడు. అఫియా పట్టుకోబోయి ఆగిపోయింది.

టివా ఆ కాళ్ళ వైపు చూసింది. బిగించిన తలగుడ్డ కొసతో కళ్ళు ఒత్తుకుంది. తర్వాత అఫియా భుజం మీదుగా ముందుకు వంగి, అఫియాతో చెప్పమనకుండా, నేరుగా ఆయనతోనే మాట్లాడింది.

"అన్నా, నేల చల్లగా ఉంది. చెప్పులు వేసుకో."

బెదియాకో కాలితో చెప్పుల కోసం తడుముకున్నాడు, అందలేదు. టివా లేచి వచ్చి, వంగి, వాటిని ఆయన పాదాల దగ్గరకు జరిపింది. అఫియా స్టూలు తీసుకుని ఇద్దరి మధ్య నుంచి పక్కకు తప్పుకుంది.